క్యాంపర్ వ్యాన్‌లో 12 వోల్టుల కూలర్: థార్ ఎండల్లో చాన్నాళ్లు వాడాక

మే నెలలో జైసల్మేర్, బార్మేర్ వైపు వ్యాన్ తీసుకెళ్లే హైదరాబాదీలు ముందుగా అడిగేది ఏసీ గురించే. నా జవాబు ఎప్పుడూ ఒక్కటే. ఏసీ ఆలోచన పక్కన పెట్టి, వెనక కిటికీలో మంచి కూలర్ బిగించుకోండి. మనం ప్రతి మార్చి ఆఖర్లో గడ్డి మార్పించి బాల్కనీలోకి ఎక్కించే కూలరే, కాకపోతే 12 వోల్టులది. ఇది ఎంత బాగా పనిచేయగలదో చూడాలంటే థార్‌కి తీసుకెళ్లాల్సిందే. అయితే దీన్ని చంపేసేవి కూడా అక్కడి నీళ్లే. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ నీళ్ల గురించే.

మే నెలలో ఎవరు వెళ్తారంటారా? పిల్లల బడి సెలవులతో ముడిపడిన కుటుంబాలు వెళ్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లగలిగేవాళ్లకి కూలర్ అవసరమే లేదు. వాళ్లు మందపాటి రగ్గులు కొనుక్కుంటే చాలు.

అమరిక గురించి క్లుప్తంగా చెప్తాను. ట్రావెలర్ వ్యాన్, లోపల సుమారు 10 ఘనపు మీటర్ల చోటు. వెనక కిటికీకి బయటివైపు 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, 10 మందం ఉన్న హనీకోంబ్ ప్యాడ్, అంటే తేనెపట్టులా గదులుండే మందపాటి కాగితం ప్యాడ్. గంటకు 550 ఘనపు మీటర్ల దాకా గాలి లాగే ఫ్యాను, 8 వాట్ల చిన్న పంపు, 12 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి. తొట్టిలోకి మంచం కింది 120 లీటర్ల ట్యాంకు నుంచి ఫ్లోట్ వాల్వు ద్వారా నీళ్లొస్తాయి. తొట్టి రేకుదైతే తీసుకోవద్దు. ఉప్పు నీళ్లకి జింకు పూత నిలవదు.

కూలర్ ఎంత చల్లబరుస్తుందన్నది బయటి ఎండ ఒక్కదాని మీదే ఆధారపడదు, గాలి ఎంత పొడిగా ఉందో కూడా చూడాలి. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి, గాలి తగిలేలా పెడితే అది ఎక్కడిదాకా దిగుతుందో అదే కూలర్‌కి హద్దు. థార్‌లో మధ్యాహ్నం 45 డిగ్రీలు, తేమ 15 శాతం అనుకుంటే ఆ హద్దు 24 దగ్గర ఉంటుంది. శుభ్రంగా ఉన్న ప్యాడ్ ఆ తేడాలో ఎనభై శాతం దాకా లాగేస్తుంది. అంటే కూలర్ నోట్లోంచి 28 డిగ్రీల గాలి వస్తుంది. ఏప్రిల్లో మన ఊళ్లో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న రోజున 26 వస్తుంది. కానీ 45 నుంచి 28కి దిగిన గాలి ఒంటికి తగిలితే కలిగే సుఖం వేరు. 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైన ఫలోడీ ఈ దారిలోదే. అలాంటి చోట రేకు వ్యాన్‌లో మధ్యాహ్నం పూట పిల్లలు పడుకుని నిద్రపోతున్నారంటే దీని పుణ్యమే.

కరెంటు లెక్కలో అయితే పోటీయే లేదు. 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది రెండున్నర యూనిట్లు. ఒక టన్ను ఏసీ ఎండ వేళ గంటకి యూనిట్ దాకా లాగుతుంది, ఇన్వర్టర్ నష్టం దానికి అదనం. రెండు గంటలు దాటితే బ్యాటరీ ఖాళీ. కూలర్‌లో ఫ్యాను, పంపు కలిపి 55 వాట్ల లోపే, పదిహేను గంటలు నడిచినా యూనిట్ కాదు. పైకప్పు మీది సోలార్ పలకలు మే ఎండలో 70 డిగ్రీలకి వేడెక్కి ఆరోవంతు శక్తి పోగొట్టుకుంటాయి, ఇసుక పడితే ఇంకాస్త తగ్గుతుంది. అయినా 400 వాట్ల పలకలు ఈ కూలర్‌ని, చిన్న ఫ్రిజ్‌ని మోసేస్తాయి. ఏసీని మోయలేవు.

కొనేటప్పుడు ఎవరూ చెప్పని లాభం ఇంకొకటుంది. అది దుమ్ము. థార్ దుమ్ము ఇసుకలా గరగరలాడదు, పౌడరులా ఉంటుంది. తలుపు రబ్బర్ల సందుల్లోంచి, వైర్లకి వేసిన రంధ్రాల్లోంచి దూరి పప్పు డబ్బాల్లో దాకా చేరుతుంది. కూలర్ నడుస్తున్నంతసేపూ ఫ్యాను బయటి గాలిని లోపలికి తోస్తుంది కాబట్టి వ్యాన్ లోపల పీడనం బయటికంటే కొంచెం ఎక్కువ. దాంతో ప్రతి సందులోంచీ గాలి బయటికే పోతుంది, దుమ్ము లోపలికి రాదు. లోపలికొచ్చే గాలి కూడా తడి ప్యాడ్‌లోంచి వడపోతై వస్తుంది. ఇది జరగాలంటే కూలర్‌కి ఎదురుమూల కిటికీ ఒక్కటే, అదీ నాలుగు వేళ్ల వెడల్పు మాత్రమే తెరవాలి. అన్నీ మూసేస్తే తేమ పోగై చల్లదనం చచ్చిపోతుంది, అన్నీ తెరిస్తే పీడనం నిలవదు. తలుపు సందు దగ్గర న్యూస్‌పేపర్ పట్టీ పట్టుకుంటే అది బయటివైపు రెపరెపలాడాలి. అప్పుడు కిటికీ సరిగ్గా తెరిచినట్టు.

ఇందులో ఒక సవరణ ఉంది. ఆంధీ లేచినప్పుడు ఈ పద్ధతి పనికిరాదు. గాలివాన ముందు వచ్చే ఆ దుమ్ము తుపానులో ఫ్యాను నడిపితే పావుగంటలో ప్యాడ్ ముఖం బురద గోడైపోతుంది. ఫ్యాను, పంపు రెండూ ఆపి, కూలర్ నోటికి లోపలివైపు మూత పెట్టి, బయట టార్పాలిన్ కప్పి, తగ్గేదాకా ఉక్కలో కూర్చోవాలి. తర్వాత తొట్టి అడుగు బురద కడగకుండా పంపు వేయొద్దు.

ఇక నీళ్లు. వంద ఘనపు మీటర్ల గాలిని పది డిగ్రీలు దించడానికి అర లీటరుకి కాస్త తక్కువ నీరు ఆవిరి కావాలి. మధ్యాహ్నం పదహారు, పదిహేడు డిగ్రీలు దించుతోందంటే గంటకి నాలుగు లీటర్లు. రాత్రి తొమ్మిది డిగ్రీలు దించితే చాలు కాబట్టి గంటకి రెండుంపావు. మధ్యాహ్నం ఐదు గంటలు, రాత్రి ఎనిమిది గంటలు వేసుకుంటే రోజుకి దాదాపు నలభై లీటర్లు ఆవిరైపోతాయి. మనిషి తాగేది ఆ ఎండలో ఐదారు లీటర్లు. అంటే వ్యాన్‌లో అందరికంటే ఎక్కువ తాగేది కూలరే. 120 లీటర్ల ట్యాంకు చూసి వారం గడుస్తుందనుకునేవాళ్లు మూడో రోజుకల్లా నీళ్ల కోసం బయల్దేరాలి.

నలభై లీటర్లు ఆవిరైతే వాటిలోని ఉప్పులు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు. పోఖ్రాన్, జైసల్మేర్ మధ్య చాలాచోట్ల బోరు నీళ్లలో టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగిన ఉప్పుల మిల్లీగ్రాముల లెక్క, 1,500 దాటుతుంది. తాగునీటికి మన జాతీయ ప్రమాణం 500, వేరే దిక్కులేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటుంది. 1,500 నీళ్లు నలభై లీటర్లు ఆవిరైతే 60 గ్రాముల ఉప్పులు ప్యాడ్ మీద, గొట్టంలో, తొట్టిలో మిగిలిపోతాయి. పదిరోజులకి అరకిలో పైనే. హైదరాబాద్‌లో మంజీరా నీళ్లతోనో కృష్ణా నీళ్లతోనో నడిచే కూలర్‌కి ఈ బాధ తెలియదు. బోరు నీళ్ల అపార్ట్‌మెంట్లవాళ్లకి మాత్రం గీజర్‌లో పేరుకునే సున్నం చూసి కొంత తెలుసు.

ఈ కూలర్ చెడింది కూడా అలాగే, పోఖ్రాన్ దాటి బోరు నీళ్లు పడ్డాక. అది ఒక్కసారిగా ఆగిపోలేదు. 28 డిగ్రీల గాలి ఇచ్చేది 31 ఇవ్వడం మొదలుపెట్టింది, తర్వాత 34. ఇలాంటప్పుడు ఎవరైనా వాతావరణాన్నే అనుమానిస్తారు, తేమ పెరిగిందనుకుంటారు. తేమ మీటరు 14 చూపిస్తుంటే ఆ అనుమానానికి చోటు లేదు. ఫ్యాను ఎప్పటిలా తిరుగుతోంది, పంపు శబ్దం వస్తోంది, తొట్టిలో నీళ్లున్నాయి. ఇక మిగిలింది నీళ్లు ప్యాడ్ అంతా తడుపుతున్నాయా లేదా అన్నదే.

దాన్ని పరీక్షించేది ఇలా. ఫ్యాను ఆపి పంపు మాత్రమే నడిపించి, ప్యాడ్ ముఖం మీద టార్చి పక్కవాటుగా కొట్టండి. తడిసినచోట ముదురు రంగుతో మెరుస్తుంది, ఎండినచోట లేత గోధుమరంగులో తెల్ల చారలు కనబడతాయి. ఇక్కడ నడిమధ్యలో జానెడు వెడల్పు పట్టీ పైనుంచి కిందిదాకా పొడిగా ఉంది. 45 డిగ్రీల గాలి ఆ పట్టీలోంచి ఏమాత్రం చల్లబడకుండా నేరుగా లోపలికొచ్చి, మిగతా చల్లగాలిలో కలిసిపోతోంది. అంతకన్నా పాడు సంగతి ఏంటంటే, సున్నంతో మూసుకుపోయిన గదులు పోను మిగిలినవాటిలో గాలి వేగం పెరిగి సన్నటి తుంపర లోపలికి ఎగురుతుంది. పక్కదుప్పట్ల మీద, కిటికీ అద్దాల మీద, ఫోను మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే అవి ఆ తుంపర ఎండిన మరకలే.

తప్పు ప్యాడ్‌ది కాదు, దాని పైన నీళ్లు పంచే గొట్టానిది. 20 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టానికి రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రాలు, అన్నీ కిందివైపుకే. పంపు ఆపగానే ప్రతి రంధ్రం చివర ఒక బొట్టు వేలాడుతుంది, అది ఎండుతుంది, కాస్త సున్నం మిగుల్తుంది. రోజుకి రెండుసార్లు ఇలా జరిగితే నడిమధ్య రంధ్రాలు పూర్తిగా పూడిపోతాయి. పైగా గొట్టం చివరి బిరడాని సొల్యూషన్ పెట్టి అతికించారు, విప్పి కడిగే దారే లేదు. ఇంటి కూలర్‌కి ఇలా చేసినా కొన్నేళ్లు గడిచిపోతుందేమో. ఎడారికి వెళ్లే బండికని తెలిసి కూడా అలా అతికించడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

బాగుచేయడానికి కావాల్సినవి హ్యాక్‌సా బ్లేడు, 4 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, మరలున్న ఎండ్ క్యాప్, అరకిలో నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పు బేగంబజార్‌లో కిలోల లెక్కన దొరుకుతుంది, ముందే ఓ రెండు కిలోలు బండిలో ఉంచండి. అతికించిన బిరడాని కోసేసి మరల క్యాప్ పెట్టాలి. రంధ్రాలన్నీ 4 మిల్లీమీటర్లకి పెంచాలి. గొట్టాన్ని తిప్పి రంధ్రాలు పైకి చూసేలా బిగించి, దాని మీద నిలువునా చీల్చిన పెద్ద పీవీసీ గొట్టం ముక్కని గొడుగులా బోర్లించాలి. నీళ్లు పైకి చిమ్మి, గొడుగుకి తగిలి, సమానంగా కిందికి జారతాయి. పంపు ఆపినా రంధ్రం చివర బొట్టు వేలాడదు, గొట్టంలోకే వెనక్కి పోతుంది. ఈ మార్పు చేశాక రంధ్రాలు పూడడం దాదాపు ఆగిపోయింది.

పంపుని ఆంపియర్ మీటరుతో చూడాలి. 0.65 దగ్గర తీసుకోవాల్సినది 0.4కి పడిపోయిందంటే తిరుగుతోంది కానీ నీళ్లు తోయట్లేదు, ముందు ఎక్కడో అడ్డం ఉంది. శబ్దం వస్తూ తిరగకపోతే ఇంపెల్లర్, అంటే లోపల నీళ్లు తోసే రెక్కల చక్రం, పట్టేసింది. మూత తీసి ఇంపెల్లర్‌ని నిమ్మ ఉప్పు నీళ్లలో వేస్తే అరగంటలో వదులుతుంది. ప్యాడ్‌కి లీటరుకి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు పట్టించాలి. బుసబుస నురగ వచ్చి ఆగిపోయాక మంచినీళ్లతో కడగాలి. రెండు గంటలకి మించి నాననివ్వొద్దు, కాగితం మెత్తబడుతుంది. బ్రష్‌తో రుద్దితే గదుల అంచులు చిరుగుతాయి. బాత్‌రూం కడిగే యాసిడ్ జోలికి అసలే వెళ్లొద్దు, మూసిన బండిలో ఆ పొగ ప్రమాదం, ప్యాడ్‌నీ తినేస్తుంది.

నిమ్మ ఉప్పు వేసినా నురగ రాకుండా తెల్లటి పొర అలాగే ఉండిపోయిందా, అది జిప్సం. రాజస్థాన్‌లో నాగౌర్, బికనేర్ వైపు నేలలో జిప్సం దండిగా ఉంది, కొన్ని బోర్లలోకి అదే దిగుతుంది. జిప్సం ఇలాంటి పులుపుకి లొంగదు. ప్యాడ్ మార్చడం తప్ప దారి లేదు. అందుకే అదే కొలతకి కోయించిన రెండో ప్యాడ్ బండిలో ఉండాలి. రాణిగంజ్‌లో కోయించేటప్పుడు గదుల వాలు కూడా చూసుకోండి. రెండు రకాల వాలు ఉన్న ప్యాడ్‌లో ఎక్కువ వాలు ఉన్న గదులు గాలి లోపలికొచ్చే వైపు, అంటే బయటివైపు, కిందికి దిగాలి. తిరగేసి పెడితే నీళ్లు లోపలికి చిమ్ముతాయి.

చెడ్డాక బాగుచేసుకోవడం కంటే సున్నం పట్టకుండా చూసుకోవడం తేలిక. పంపు గొట్టానికి మూడు దారుల టీ జాయింటు ఒకటి పెట్టి, డ్రిప్ సేద్యానికి వాడే సన్న గొట్టం, చిన్న కుళాయి బిగించి, కొంచెం నీరు ఎప్పుడూ బయటికి కారుతూ ఉండేలా చేయాలి. ఆవిరయ్యే నీటిలో సగమంత బయటికి వదిలితే తొట్టిలో ఉప్పు చిక్కదనం మూడు రెట్ల దగ్గర ఆగుతుంది. పావు వంతు వదిలితే ఐదు రెట్లు. టీడీఎస్ 400 ఉన్న నీళ్లయితే ఐదు రెట్లయినా రెండు వేలే, పావు వంతు చాలు. 1,500 నీళ్లకి సగం వదలాల్సిందే, అంటే రోజు ఖర్చు నలభై కాదు, అరవై లీటర్లు. చెడ్డ నీళ్లు చవగ్గా దొరికాయని నింపుకుంటే నీళ్లే ఎక్కువ కావాల్సి వస్తుంది. ఆ కారిన నీటిని బకెట్లో పట్టి టాయిలెట్‌కి, కాళ్లు కడుక్కోవడానికి వాడండి. చెట్టు మొదట్లో మాత్రం పోయొద్దు, ఖేజ్రీ చెట్లకి ఆ నేలలో ఉన్న ఉప్పే చాలు.

ఇంకో అలవాటు కూడా మార్చుకోవాలి. ఇంట్లో పొద్దున్నే పంపు ఆపి, ఇరవై నిమిషాలు ఫ్యానుతో ప్యాడ్ ఆరబెడతాం, వాసన రాకుండా. థార్‌లో ఉప్పునీళ్లతో తడిసిన ప్యాడ్‌ని అలా ఆరబెడితే ఆరిన ప్రతిసారీ ఒక పొర గట్టిపడుతుంది. ముందు రెండు లీటర్ల ఆర్‌ఓ నీళ్లు ప్యాడ్ పైనుంచి మెల్లగా పోసి, ఆ తర్వాత ఆరబెట్టాలి. ఊళ్లలో ఇరవై లీటర్ల ఆర్‌ఓ క్యాన్లు దొరుకుతాయి, ఈ పనికి ఒకటి ప్రత్యేకంగా ఉంచుకుంటే సరిపోతుంది.

నీళ్లు ఎక్కడ పట్టాలన్నది టీడీఎస్ మీటరు చెబుతుంది, జేబులో పెట్టుకోండి. ఇందిరాగాంధీ కాలువ నీరు పంజాబ్‌లోని హరికే నుంచి వచ్చేది, దాని మీద ఆధారపడిన ఊళ్ల కుళాయి నీళ్లు కూలర్‌కి బంగారం. మోహన్‌గఢ్ వైపు వెళ్తే ఖాళీ డబ్బాలన్నీ నింపుకోండి. కానీ ఇళ్ల ముందు కనిపించే తాంకాల నీళ్లు మాత్రం కూలర్ కోసం అడగొద్దు. అవి వానాకాలంలో పట్టి ఏడాదంతా తాగడానికి దాచుకున్నవి. అతిథి అడిగితే అక్కడివాళ్లు కాదనరు, అందుకే మనమే అడగకూడదు.

చిన్న చిరాకులూ ఉన్నాయి. చుట్టూ చుక్క నీరు లేని చోట తడి ప్యాడ్ ఉంటే తేనెటీగలు మధ్యాహ్నానికల్లా చుట్టుముడతాయి. గాలి లాగే వైపు దోమల జాలీ తప్పనిసరి. బండికి పది అడుగుల దూరంలో నీడన పళ్లెంలో నీళ్లు పెడితే చాలావరకు అటు మళ్లుతాయి. బండి కదిలే ముందు తొట్టి ఖాళీ చేయాలి, లేకపోతే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే నీళ్లు పరుపు మీద. వేసేటప్పుడు పంపు ముందు, పది నిమిషాల తర్వాత ఫ్యాను. ఊరికి తిరిగొచ్చాక తొట్టి వారానికోసారి ఎండబెట్టకపోతే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది.

ఏసీ వద్దని మొదట్లో అన్న మాటకి హద్దులు చెప్పాలి. అది పొడిగాలికి మాత్రమే వర్తిస్తుంది. అదే యాత్రలో కచ్ వైపు దిగి మాండ్వీ తీరానికి వెళ్తే 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజున కూలర్ 31కి మించి దించలేదు, పైగా లోపల జిగట. అక్కడ పంపు ఆపి ఫ్యాను ఒక్కటే నడపడం మేలు. జూన్ చివర్లో థార్‌లోనే తేమ పెరిగాక కూడా ఇంతే. హైదరాబాద్‌లో తొలకరి పడ్డాక ఇక చెప్పక్కర్లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లో, తడిగాలి పడని పెద్దవాళ్లో బండిలో ఉంటే ఇది సరిపోకపోవచ్చు. కరెంటు కనెక్షన్ ఉన్న రిసార్టుల్లోనే రాత్రులు ఆగేవాళ్లకి చిన్న ఏసీయే సుఖం, వాళ్లకి నీళ్ల వేట ఎందుకు?

బయట, కరెంటు లేనిచోట, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ మొదటి వారం వరకు. ఈ లెక్కకి మాత్రం ఇదే మళ్లీ పెట్టిస్తాను, నీళ్లు పంచే గొట్టాన్ని మొదటిరోజే మార్పించి. ట్యాంకు 120 కాకుండా 180 లీటర్లకి పెంచాలని ఉంది, కానీ అరవై కిలోల అదనపు బరువు వెనక ఇరుసు మీద పడుతుంది. టైర్ల గాలి, లీఫ్ స్ప్రింగులు చూసుకున్నాకే ఆ పని.